చాప్టర్ 13లో ఐఆర్‌ఎస్ బాకీ కడుతుండగా ఇల్లు వేలానికి వస్తే ముందు ఎవరికి కట్టాలి?

మీరు రాసిన పెద్ద ఉత్తరంలో లెక్కకు అవసరమైనవి ఇవి. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో సొంత ఇల్లు, మార్ట్‌గేజ్ నెలకు 3,150 డాలర్లు. 2021, 2022 సంవత్సరాల రిటర్నులు సమయానికే వేశారు కానీ పన్ను కట్టలేకపోయారు. ఐఆర్‌ఎస్ (అమెరికా ఫెడరల్ పన్ను శాఖ) బాకీ 62,000 డాలర్లకు చేరి, జీతం మీద లెవీ (బాకీ కింద నేరుగా పట్టుకోవడం) వస్తుందన్న నోటీసు అందాక దంపతులిద్దరూ కలిసి చాప్టర్ 13, అంటే కోర్టు ఆమోదించిన ప్లాన్ ప్రకారం నెలనెలా అప్పులు తీర్చే దివాలా కేసు, వేశారు. 60 నెలల ప్లాన్‌లో 20 నెలలు గడిచాయి, ట్రస్టీకి (ప్లాన్ డబ్బు తీసుకుని అప్పులవాళ్లకు పంచే వ్యక్తికి) నెలకు 1,250 కడుతున్నారు. మధ్యలో కాంట్రాక్టు పోయింది. కొత్తది దొరికేలోగా ట్రస్టీకి ఎలాగో కట్టుకుంటూ వచ్చారు కానీ మార్ట్‌గేజ్ వాయిదాలు నాలుగు ఆగిపోయాయి. ఇప్పుడు బ్యాంకు ఇంటి మీద స్టే (కేసు నడిచినంత కాలం అప్పులవాళ్లు వసూలుకు దిగకుండా ఆపే రక్షణ) ఎత్తివేయాలని కోర్టులో మోషన్, అంటే అభ్యర్థన, వేసింది. కేసు వదిలేసి ఐఆర్‌ఎస్‌తో విడిగా రాజీ కుదుర్చుకోవాలా, 401కే రిటైర్‌మెంట్ ఖాతా ఖాళీ చేయాలా, శంకర్‌పల్లి దగ్గరి ప్లాటు అమ్మాలా, లేక అది తమ్ముడి పేరు మీదికి మార్చాలా అని అడిగారు.

నేను లాయర్‌ని కాను, ఎన్‌రోల్డ్ ఏజెంట్‌ని, అంటే ఐఆర్‌ఎస్ ముందు పన్ను కట్టేవారి తరఫున మాట్లాడే అనుమతి ఉన్న పన్ను నిపుణుల్లో ఒకరిని. టెక్సాస్‌లో మనవాళ్ల పన్ను బాకీల వ్యవహారాలు, వాటిలో దివాలా కోర్టు దాకా వెళ్లినవి, చాలా ఏళ్లుగా చూస్తున్నాను. కోర్టులో మీ తరఫున మాట్లాడవలసింది మీ లాయరే. ఆయన్ని ఏమేమి అడగాలో తెలియడానికి ఇది ఉపయోగపడుతుంది.

మీ ఉత్తరం చదివితే మీకు ఐఆర్‌ఎస్ అంటేనే ఎక్కువ భయమని అర్థమవుతోంది. కష్టకాలంలో కూడా ట్రస్టీ వాయిదా తప్పకుండా కట్టి, ఇంటి వాయిదా ఆపింది అందుకే. మన కుటుంబాల్లో ఇది చాలా మామూలు: ప్రభుత్వం అనేసరికి వణుకు, బ్యాంకు అనేసరికి 'సర్దుకుంటాడులే' అన్న ధీమా. చాప్టర్ 13లోకి వచ్చాక ఈ లెక్క తలకిందులవుతుంది. ప్లాన్ ఆమోదం పొందాక మీ అప్పులవాళ్లందరిలో ఐఆర్‌ఎస్సే అతి నెమ్మదైనది. జీతం పట్టుకోవడానికి, బ్యాంకు ఖాతా మీద లెవీ వేయడానికి దానికి వీల్లేదు. ప్రయారిటీ పన్నుగా, అంటే మామూలు అప్పుల కంటే ముందు పూర్తిగా తీర్చాల్సిన పన్నుగా, లెక్కలోకి వచ్చిన మొత్తం మీద, కేసు వేసిన రోజు తర్వాత ప్లాన్‌లో వడ్డీ కూడా కట్టనక్కర్లేదు. ఆ మొత్తం ప్లాన్ ముగిసేలోగా పూర్తిగా అందాలి, అంతే. ఏ నెలలో ఎంత అందాలన్న దాంట్లో వెసులుబాటు ఉంది.

మార్ట్‌గేజ్ విషయంలో ఆ వెసులుబాటు లేదు. మీరు నివసించే ఇంటి మీది తొలి మార్ట్‌గేజ్ షరతులను మార్చే అధికారం చాప్టర్ 13లో జడ్జికి కూడా లేదు. కేసు వేయకముందు ఆగిన వాయిదాలను ప్లాన్‌లో పరిచి కట్టవచ్చు కానీ, కేసు వేసిన తర్వాత వచ్చే ప్రతి నెల వాయిదా ఆ నెలలోనే పడాలి. అది తప్పితే బ్యాంకుకు స్టే ఎత్తివేయమని అడగడానికి తగిన కారణం దొరికినట్టే. మీ ఇంటికి ఇప్పుడు వచ్చిన ముప్పు ఇదొక్కటే. ఇది కాకుండా పైకి కనిపించని ముప్పు ఇంకొకటి ఉంది, కొత్తగా పుట్టే పన్ను బాకీ. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు గడువు చూడండి. మోషన్ మొదటి పేజీలోనే, తరచుగా పెద్ద అక్షరాల్లో, ఎన్ని రోజుల్లో రాతపూర్వకంగా జవాబు దాఖలు చేయాలో ఉంటుంది. మీ ప్రాంతంలో సాధారణంగా 14 రోజులు. ఆలోగా జవాబు రాకపోతే విచారణ జరపకుండానే ఆర్డర్ ఇచ్చేయవచ్చు. 'కోర్టుకు వెళ్లి జడ్జిగారికి మా కష్టం చెప్పుకుంటాం' అనుకుని ఊరుకుంటే ఆ అవకాశమే రాదు. లాయర్ ఆఫీసుకు ఫోను చేసి మెసేజీ పెట్టి ఊరుకోకండి. జవాబు దాఖలైందా, దాని కాపీ పంపండి అని మెయిల్‌లో అడగండి. చాప్టర్ 13 లాయర్ల ఆఫీసుల్లో వందల ఫైళ్లు ఉంటాయి. అక్కడ మర్యాదగా వెంటపడేవాళ్ల పని ముందు జరుగుతుంది.

జవాబు రాయించే ముందు మోషన్‌తో జతచేసిన చెల్లింపుల చరిత్రను మీ బ్యాంకు స్టేట్‌మెంట్లతో వరుస వరుసగా సరిచూడండి. ఇది ఇంట్లో కూర్చుని మీరే చేసుకోగల పని, మీకంటే బాగా ఎవరూ చేయలేరు కూడా. నేను చూసిన ఫైళ్లలో తరచుగా కనిపించేవి రెండు. ఒకటి, మీరు పంపిన డబ్బు పూర్తి వాయిదాకు కొంచెం తక్కువైతే దాన్ని వాయిదా కింద జమ చేయకుండా సస్పెన్స్ ఖాతాలో పడేస్తారు. అప్పుడు మీ లెక్కలో మూడు వాయిదాలే బాకీ ఉన్నా వాళ్ల లెక్కలో నాలుగు కనిపిస్తాయి. రెండోది ఎస్క్రో, అంటే ఆస్తి పన్ను, ఇంటి బీమా కోసం వాయిదాతో పాటు బ్యాంకు వసూలు చేసే మొత్తం. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కానీ ఆస్తి పన్ను వాత పెడుతుంది. ఇంటి విలువ, బీమా ప్రీమియం పెరిగినప్పుడల్లా మార్ట్‌గేజ్ వాయిదా కూడా పెరుగుతుంది. చాప్టర్ 13లో ఉన్నవారి వాయిదా మారితే బ్యాంకు 21 రోజుల ముందే కోర్టులో నోటీసు దాఖలు చేయాలి. ఆ నోటీసు లేకుండా పెంచి, పాత మొత్తం పంపారు కాబట్టి తక్కువైందని అంటుంటే మీ లాయర్‌కు గట్టి ఆధారం దొరికినట్టే. ఇంకొకటి కూడా చూడండి: సొంత ఇంటికి ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు కోసం కౌంటీ అప్రైజల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టారా? పెట్టకుండా ఏళ్ల తరబడి ఎక్కువ పన్ను కడుతున్నవాళ్లు మనలో ఆశ్చర్యం కలిగించేంత మంది ఉన్నారు.

బాకీ నిజమేనని తేలితే రెండు దారులుంటాయి. బ్యాంకు లాయర్ ముందుగా చూపించేది ఒప్పంద ఆర్డర్: ఆగిన నాలుగు వాయిదాలు, మోషన్ ఖర్చులు కలిపి ఆరు నెలల్లో కట్టేయండి, స్టే కొనసాగిస్తాం అంటారు. నాలుగు వాయిదాలు 12,600. బ్యాంకు లాయర్ ఫీజు, కోర్టు ఫీజు కలిపి ఒక 1,250 అనుకుందాం. మొత్తం 13,850. ఆరు నెలలకు పంచితే నెలకు 2,300 పైచిలుకు. దీనికి మామూలు వాయిదా 3,150, ట్రస్టీ వాయిదా 1,250 కలిపితే నెలకు 6,700 డాలర్లు ఇల్లు, అప్పుల కిందే పోవాలి. ఇప్పుడే కొత్త కాంట్రాక్టులో చేరిన మనిషికి ఇది సాధ్యమా? రెండు నెలలు కష్టపడి కడతారు, మూడో నెల కారు పాడవుతుంది.

రెండో దారి ప్లాన్ సవరణ. కేసు వేసిన తర్వాత పడిన మార్ట్‌గేజ్ బకాయిని కూడా ప్లాన్‌ను సవరించి అందులో చేర్చవచ్చని టెక్సాస్ మీద అధికారం ఉన్న ఐదవ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 1997లోనే చెప్పింది. అదే 13,850ని మిగిలిన 40 నెలలకు పంచితే నెలకు దాదాపు 346. ట్రస్టీ కమిషన్ పది శాతానికి మించదు కాబట్టి అది కలిపినా 385 లోపే. అంటే ట్రస్టీ వాయిదా 1,250 నుంచి 1,635 దగ్గరికి వస్తుంది, మొత్తం నెలవారీ భారం 4,800 లోపల ఉంటుంది. 6,700కు, దీనికి ఎంత తేడానో చూడండి. సవరణలోనే ఇంకొక సంగతి అడిగించండి: మొదటి నెలల్లో ట్రస్టీ చేతికి వచ్చే డబ్బు మార్ట్‌గేజ్ బకాయికి ఎక్కువగా, ఐఆర్‌ఎస్‌కు తక్కువగా పోయి, బకాయి తీరాక ఐఆర్‌ఎస్ వాటా పెరిగేలా అమర్చవచ్చా అని. 60వ నెల లోపల ప్రయారిటీ పన్ను పూర్తిగా తీరేలా లెక్క కుదిరితే సాధారణంగా దీనికి అభ్యంతరం రాదు. ప్లాన్‌ను 60 నెలలకు మించి పొడిగించడం మాత్రం కుదరదు. కోవిడ్ కాలంలో ఏడేళ్ల దాకా అనుమతించిన నిబంధన 2022లోనే ముగిసింది. పాత వీడియోలు చూసి దాని మీద ఆశ పెట్టుకోకండి.

దీనికి ఒక షరతు ఎదురుకావచ్చు. ఇకమీదట మార్ట్‌గేజ్ వాయిదా కూడా ట్రస్టీ ద్వారానే కట్టాలని అడగవచ్చు. అప్పుడు ఆ మొత్తం మీద కూడా కమిషన్ పడుతుంది. అది భారమే అయినా మీ పరిస్థితిలో నేనైతే ఒప్పుకుంటాను. జీతంలోంచే కోత పడితే వాయిదా తప్పే అవకాశం తగ్గుతుంది, ఎవరు ఎంత కట్టారన్న తగాదా కూడా ఉండదు.

ఏ దారిలో వెళ్లినా చివరికి ఒక ఆర్డర్ మీద మీ లాయర్ సంతకం పెడతారు. అందులో వాయిదా తప్పితే ఏమవుతుందన్న పేరా ఉంటుంది. అది మీరే స్వయంగా చదవండి. ఒక్క వాయిదా ఆలస్యమైనా నోటీసు లేకుండా స్టే దానంతటదే పోతుందని రాసి ఉంటే ఒప్పుకోవద్దని చెప్పండి. రాతపూర్వక నోటీసు, దాని తర్వాత పది రోజులో ఎన్నో సరిదిద్దుకునే గడువు, అలాంటివి కనీసం రెండు అవకాశాలు అడగడం అత్యాశేమీ కాదు.

ఇక ఐఆర్‌ఎస్. కోర్టు రికార్డులో ఐఆర్‌ఎస్ దాఖలు చేసిన క్లెయిమ్ (తనకు రావాల్సిన బాకీ వివరాల పత్రం) ఉంటుంది, దాన్ని తెప్పించుకుని చదవండి. 62,000 అంతా ఒకే రకం బాకీ కాదు. మీరు పంపిన అంకెల ప్రకారం అసలు పన్ను, కేసు వేసిన నాటికి పడిన వడ్డీ కలిపి సుమారు 48,000. మిగిలిన 14,000 పెనాల్టీలు. మొదటిది ప్రయారిటీ, పూర్తిగా కట్టాలి. రెండోది మామూలు క్రెడిట్ కార్డు బాకీలతో సమానం. ప్లాన్‌లో వాటికి ఎంత శాతం దక్కితే అంతే, ప్లాన్ పూర్తయ్యాక మిగిలింది రద్దవుతుంది. సమయానికి రిటర్ను వేయడం వల్ల మీకు ఒనగూడిన లాభం ఇక్కడ తెలుస్తుంది. ఆలస్యంగా, అదీ దివాలాకు ముందు రెండేళ్ల లోపల, రిటర్ను వేసినవారి పన్ను చాప్టర్ 13 ముగిసినా పూర్తిగా వదలదు. అసలు రిటర్నే వేయని ఏడాది ఉంటే ఐఆర్‌ఎస్ తన అంచనాతో క్లెయిమ్ వేస్తుంది. అది అసలు పన్నుకు రెట్టింపు ఉన్న సందర్భాలూ చూశాను. మీ క్లెయిమ్‌లో ఏ సంవత్సరానికైనా పక్కన అంచనా అని ఉందేమో గమనించండి.

నేను ముందు చెప్పిన రెండో ముప్పు ఇప్పుడు. 2021లో మీకు బాకీ ఎలా పుట్టింది? కంపెనీ ఇచ్చిన షేర్లు చేతికి వచ్చినప్పుడు 22 శాతం పన్నే కోసింది, మీ శ్లాబు అంతకంటే ఎక్కువ. పైగా మీ శ్రీమతిగారి 1099 ఆదాయం (ఉద్యోగిగా కాక విడిగా పనిచేసి సంపాదించేది) మీద ఎవరూ పన్ను కోయలేదు. ఆ తేడా డబ్బు ఇంటి డౌన్ పేమెంటులోకి వెళ్లిపోయింది. అదే కథ ఇప్పుడు మళ్లీ జరగడానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. మీ కొత్త కాంట్రాక్టు 1099 అని రాశారు. నిరుద్యోగ భృతి తీసుకున్నారు, దాని మీద ఫెడరల్ పన్ను ఉంటుంది. ఖర్చు పెట్టేశాక వచ్చే ఏప్రిల్‌లో ఎనిమిదో పదో వేలు కట్టాలని తేలితే అది కొత్త బాకీ. పాత ప్లాన్ దాన్ని కాపాడదు. పాత బాకీ విషయంలో ఓపిగ్గా కూర్చున్న ఐఆర్‌ఎస్, కొత్త పన్ను ఆగితే కేసు కొట్టివేయమని కోర్టును అడుగుతుంది. కేసు పోతే స్టే పోతుంది, స్టే పోతే ఇల్లు మళ్లీ వేలం దారి పడుతుంది. కాబట్టి వచ్చే ప్రతి 1099 చెల్లింపులోంచి మూడో వంతుకు కాస్త తక్కువగా పక్కన పెట్టి ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, జనవరి 15 తేదీల్లో అంచనా పన్ను కట్టండి. ఇది కూడా ఇంటి వాయిదాలో భాగమే అనుకోండి. కాంట్రాక్టు డబ్ల్యూ-2గా, అంటే యజమానే పన్ను కోసి జీతం ఇచ్చే ఉద్యోగంగా, మార్చుకునే వీలుంటే గంటకు నాలుగు డాలర్లు తగ్గినా మార్చుకోండి. మీ ఇప్పటి పరిస్థితిలో ఆ తేడా కంటే క్రమం ముఖ్యం.

కేసు వదిలేసి ఐఆర్‌ఎస్‌తో రాజీ చేసుకుంటే అని అడిగారు. ఇది కొరివితో తల గోక్కోవడమే. మీరే వదిలేసినా, కోర్టు కొట్టేసినా, వడ్డీ మొదటి రోజు నుంచి తిరగలెక్క వేస్తారు, ఆ 14,000 పెనాల్టీ పూర్తిగా తిరిగి నెత్తిన పడుతుంది. బాకీ వసూలుకు ఐఆర్‌ఎస్‌కు ఉండే పదేళ్ల గడువు దివాలా నడిచినంత కాలం ఆగి, పైన ఆరు నెలలు కలుస్తుంది కాబట్టి కాలం గడిచిందన్న లాభం కూడా లేదు. అన్నిటికంటే పెద్ద చిక్కు మరొకటి. బ్యాంకు స్టే మోషన్ వేసిన తర్వాత మీ అంతట మీరు కేసు మానుకుంటే 180 రోజుల దాకా మళ్లీ దివాలా వేయడానికి అర్హత పోతుంది. టెక్సాస్‌లో ఇల్లు వేలం వేయడానికి అందులో సగం కాలం కూడా పట్టదు. ఒకవేళ అర్హత ఉండి ఏడాదిలోపు రెండోసారి వేసినా స్టే 30 రోజులే ఉంటుంది. దాన్ని పొడిగించమని వెంటనే అడిగి, ఈసారి పరిస్థితి మారిందని రుజువు చేయాలి. ఇక ఆఫర్ ఇన్ కాంప్రమైజ్ అనే రాజీ సంగతి: దివాలా కేసు నడుస్తుండగా ఐఆర్‌ఎస్ దాన్ని పరిశీలించనే పరిశీలించదు. బయటికి వచ్చి వేసినా మీ ఇంటిలోని ఈక్విటీ (ఇంటి విలువలో లోన్ పోగా మిగిలేది), 401కే, శంకర్‌పల్లి ప్లాటు అన్నీ లెక్కలోకి తీసుకుని 'మీకు కట్టే శక్తి ఉంది' అంటుంది. రేడియోలో ప్రకటనలు ఇచ్చేవాళ్లు ఈ సంగతి ఫీజు తీసుకున్నాక చెబుతారు.

401కే నుంచి డబ్బు తీయడం గురించి కూడా అంతే గట్టిగా చెబుతాను. ఆ ఖాతా దివాలాలో సురక్షితం, మామూలు అప్పులవాళ్లెవరూ తాకలేరు. దాన్ని మీరే బయటికి తీస్తే, యాభై తొమ్మిదిన్నర ఏళ్ల లోపు కాబట్టి మామూలు పన్నుకు తోడు పది శాతం అదనపు పన్ను. 14,000 చేతికి రావాలంటే ఇరవై వేలకు పైగా తీయాలి, ఆ పన్ను మళ్లీ పైన చెప్పిన కొత్త బాకీయే అవుతుంది. పాత యజమాని ప్లాన్‌లో లోన్ సౌకర్యం సాధారణంగా ఉద్యోగం వదిలాక ఉండదు. మీ శ్రీమతిగారు ప్రస్తుతం పనిచేస్తున్నచోట ఉంటే అది మెరుగు. ఆ లోన్ వాయిదాలను చాప్టర్ 13 బడ్జెట్‌లో చూపించుకోవడానికి చట్టం అనుమతిస్తుంది కానీ, తీసుకునే ముందు ట్రస్టీ అనుమతి అడగాలి.

శంకర్‌పల్లి ప్లాటు గురించి మీరు రాసిన వాక్యం మళ్లీ చదివాను. 'అది ఇండియాలో ఉంది కదా, ఇక్కడ చూపించాలా అని సందేహం వచ్చి వదిలేశాం' అన్నారు. తమ్ముడి ప్రశ్న కంటే ముందు తేల్చాల్సింది ఇదే. దివాలా చట్టం దృష్టిలో మీ ఆస్తి ప్రపంచంలో ఎక్కడ ఉన్నా, ఎవరి చేతిలో ఉన్నా ఆస్తే. ఉమ్మడి ఆస్తిలో వాటా, గ్రామంలో తాతగారి పొలంలో హక్కు, ఎన్‌ఆర్‌ఓ (ప్రవాసులకు ఇండియాలో ఉండే బ్యాంకు ఖాతా) డిపాజిట్లు, అమ్మ దగ్గర ఉంచిన బంగారం, అన్నీ చూపాలి. చూపకుండా ప్రమాణం చేసి సంతకం పెట్టడం ఫెడరల్ నేరం, అయిదేళ్ల దాకా జైలు ఉంది. తెలియక వదిలేశామని చెప్పుకోగలిగే స్థితిలో ఉన్నప్పుడే, అంటే ఎవరో కనుక్కోకముందే, లాయర్‌కు చెప్పి షెడ్యూళ్లు (కోర్టుకు ఇచ్చిన ఆస్తుల, అప్పుల జాబితాలు) సవరించండి. దాచి ఉంచి తమ్ముడి పేరు మీదికి రిజిస్ట్రేషన్ చేస్తే తెలియక జరిగిన పొరపాటు అన్న వాదన అక్కడితో ముగుస్తుంది. కేసు నడుస్తుండగా చేసే అలాంటి బదిలీ చెల్లదు సరికదా, కేసు, ఇల్లు, గ్రీన్ కార్డు మూడింటికీ ఒకేసారి ముప్పు తెస్తుంది. దివాలా తీయడం వల్ల గ్రీన్ కార్డుకు, పౌరసత్వానికి అడ్డు రాదు. మోసం వల్ల వస్తుంది.

ప్లాటు చూపిస్తే ఒక పర్యవసానం ఉంది, ముందే తెలుసుకోండి. మీ ఆస్తులు అమ్మి పంచితే మామూలు అప్పులవాళ్లకు ఎంత దక్కేదో ప్లాన్‌లో కనీసం అంత దక్కాలి. టెక్సాస్ చట్టం ఇంటిని కాపాడుతుంది, ఆ ప్లాటును కాపాడదు. కాబట్టి దాని విలువ మేరకు క్రెడిట్ కార్డులవాళ్ల వాటా పెరగవచ్చు. అందుకే అమ్మడం మంచి ఆలోచనే, కోర్టు అనుమతితో, వచ్చే డబ్బు ఎవరికి ఎంత పోతుందో ముందే రాసుకుని. అయితే ఈ మోషన్‌కు అది సమయానికి అందదు. పవర్ ఆఫ్ అటార్నీ కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాలి, అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి, కొనేవాడు ప్రవాస అమ్మకందారు కాబట్టి టీడీఎస్ కోయాలి, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడ్డాక చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్‌తో ఇక్కడికి పంపాలి. నెలలు పడుతుంది. ఆ లాభాన్ని అమెరికాలో కూడా రిటర్నులో చూపి, అక్కడ కట్టిన పన్నుకు క్రెడిట్ తీసుకోవాలి. ప్లాటును రెండో ఏడాది ప్రణాళికగా పెట్టుకోండి.

ఈలోగా స్నేహితులు ఇస్తామంటున్న చేబదులు సంగతి. చాప్టర్ 13లో ఉండగా అనుమతి లేకుండా కొత్త అప్పు చేయకూడదు, చేబదులైనా అప్పే. మీ నాన్నగారు తిరిగి అడగని కానుకగా పంపితే అది వేరు. ఒక చిన్న ఉత్తరం రాయించుకుని, లాయర్ ద్వారా ట్రస్టీకి చెప్పి వాడండి. చిట్టీ వేస్తున్నట్టయితే, పాడుకున్నా పాడుకోకపోయినా, అదీ కాగితాల మీదికి రావాలి. నలుగురిలో పరువు పోతుందని చిట్టీ దాచినవాళ్లు, ట్రస్టీ బ్యాంకు స్టేట్‌మెంట్లు అడిగిన రోజున జెల్ అనే బ్యాంకు యాప్ సేవ ద్వారా నెలనెలా వెళ్లిన చెల్లింపులకు జవాబు చెప్పలేక ఇబ్బంది పడ్డారు.

ఇప్పటిదాకా చెప్పినదంతా ఇల్లు నిలుపుకోగలరన్న లెక్క మీద. ఆ లెక్క నిజమో కాదో మీరే తేల్చాలి. రెండు జీతాల నికర ఆదాయంలోంచి 4,800, అంచనా పన్ను, తిండి, కార్లు, పిల్లల ఖర్చులు పోయాక నెలకు అయిదు వందలైనా మిగలకపోతే ఆర్డర్ మీద సంతకం పెట్టి ఆరు నెలల తర్వాత వేలంలో పోగొట్టుకోవడం కంటే ఇప్పుడే కోర్టు అనుమతితో మామూలు మార్కెట్‌లో అమ్మడం మేలు. వేలంలో ఇంటికి మార్కెట్ ధర రాదు. మీ అంతట మీరు అమ్మితే, అయిదేళ్లలో కనీసం రెండేళ్లు అందులో నివసించారు కాబట్టి దంపతులకు 5 లక్షల డాలర్ల దాకా లాభం మీద పన్ను ఉండదు. ఒక్క హెచ్చరిక: టెక్సాస్‌లో ఇల్లు అమ్మగా వచ్చిన డబ్బుకు రక్షణ ఆరు నెలలే. ఆలోగా మరో ఇంటిలో పెట్టకపోతే చాప్టర్ 13లో ఆ రక్షణ పోవచ్చు. అమ్మకం ఆర్డర్ రాయించేటప్పుడే దీని గురించి మాట్లాడుకోండి.

స్టే ఎత్తివేసినంత మాత్రాన ఆ రోజే ఇల్లు పోదు. టెక్సాస్‌లో మామూలు ఇంటి లోన్ మీద వేలానికి దావా అక్కర్లేదు. సొంత ఇల్లయితే బకాయి సరిదిద్దుకోవడానికి 20 రోజుల నోటీసు, ఆ తర్వాత వేలానికి కనీసం 21 రోజుల ముందు మరో నోటీసు ఇవ్వాలి. వేలం సాధారణంగా నెలలో మొదటి మంగళవారం జరుగుతుంది. మీ ఇల్లు కాలిన్ కౌంటీ కిందికి వస్తే మెకిన్నీలో. వేలం ముగిశాక వెనక్కి తీసుకునే హక్కు మీకు లేదు. బకాయి పడి కనీసం 120 రోజులు దాటందే ఫోర్‌క్లోజర్ (బకాయి కింద ఇంటిని వేలం వేసే ప్రక్రియ) మొదలుపెట్టకూడదన్న ఫెడరల్ నియమం ఒకటుంది. లోన్ మోడిఫికేషన్ (లోన్ షరతులను బ్యాంకు తనంతట తాను సడలించడం) కోసం దరఖాస్తు అన్ని కాగితాలతో, వేలానికి 37 రోజులకు ముందే అందితే, దాని మీద నిర్ణయం చెప్పకుండా వేలం వేయకూడదు. ఆ దరఖాస్తు ఇప్పుడే, కోర్టు వ్యవహారంతో పాటే పెట్టండి. హడ్ (ఫెడరల్ గృహనిర్మాణ శాఖ) ఆమోదించిన కౌన్సిలర్లు దాన్ని ఉచితంగా నింపిపెడతారు. మీ మోషన్ పబ్లిక్ రికార్డు కాబట్టి 'ఫోర్‌క్లోజర్ ఆపుతాం, డీడ్ మా పేరు మీద రాయండి, అద్దెకు ఉండండి' అనే పోస్టుకార్డులు ఈపాటికే వస్తుంటాయి. అన్నీ చెత్తబుట్టలోకే.

మీరు చెప్పనిది ఒకటి మిగిలింది. కేసు వేయకముందే ఐఆర్‌ఎస్ కౌంటీలో ఫెడరల్ టాక్స్ లియన్ (పన్ను బాకీ కింద ఆస్తి మీద ఉండే హక్కు) నోటీసు నమోదు చేసిందా? చేసి ఉంటే క్లెయిమ్‌లో కొంత భాగం సెక్యూర్డ్ (ఆస్తి హామీ ఉన్నది) అని కనిపిస్తుంది. నేను పైన వేసిన వడ్డీ లెక్క ఆ భాగానికి వర్తించదు. సొంత ఇంటికి టెక్సాస్ చట్టం ఇచ్చే హోమ్‌స్టెడ్ రక్షణ కూడా ఐఆర్‌ఎస్ ముందు నిలవదు. ఇల్లు అమ్మేటట్టయితే క్లోజింగ్‌కు (అమ్మకం పూర్తయ్యే రోజుకు) కనీసం 45 రోజుల ముందే లియన్ నుంచి విడుదల కోసం ఫారం 14135 పంపాలి. వేలమైతే ఐఆర్‌ఎస్‌కు 25 రోజుల ముందు నోటీసు, ఆ తర్వాత 120 రోజుల దాకా ఇంటిని తానే విడిపించుకునే హక్కు ఉంటాయి. కౌంటీ క్లర్క్ వెబ్‌సైటులో మీ ఇద్దరి పేర్లతో వెతికితే నిమిషాల్లో తెలుస్తుంది. అది చూసి, క్లెయిమ్ మొదటి పేజీలోని మూడు అంకెలు, సెక్యూర్డ్, ప్రయారిటీ, జనరల్, రాసి పంపండి. అప్పుడు 1,635 అన్న అంకె నిలుస్తుందో లేదో సరిచూసి చెబుతాను.